వాడిన మొక్కకు నీళ్లే మందా?

ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీదికి వెళ్తే బీర, సొర, గుమ్మడి ఆకులు వేలాడిపోయి కనిపిస్తాయి. చూసినవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. వెంటనే మగ్గు, బకెట్టు. పోసిన నీళ్లు కుండీ అడుగు రంధ్రంలోంచి కారిపోతాయి గానీ ఆకులు లేవవు. ఇంకో మగ్గు పోస్తారు. సాయంత్రం ఆరింటికల్లా తీగ మళ్లీ నిగనిగలాడుతుంది. తాము పోసిన నీళ్లే కాపాడాయని ఇంట్లోవాళ్లు తృప్తి పడతారు. ఆ నీళ్లు పోయకపోయినా ఆ ఆకులు లేచేవే.

మండుటెండలో ఆకు నీటిని వదిలే వేగం వేళ్లు అందించే వేగాన్ని మించిపోతుంది. ఆకులో బిగువు తగ్గి వాలిపోతుంది. వాలడం వల్ల ఎండ తగిలే విస్తీర్ణం కూడా కొంత తగ్గుతుంది. పొద్దు వాలాక లెక్క సరిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం వాడిపోవడాన్ని చూసి ఏమీ తేల్చకూడదు. మొక్కను పరీక్షించాల్సిన వేళ తెల్లవారుజాము. సూర్యుడు రాకముందు కూడా ఆకులు వాలి ఉంటే అప్పుడు నిజంగానే ఏదో తేడా ఉన్నట్టు. ఆ తేడా నీళ్లు లేకపోవడమే కానక్కర్లేదు.

మొక్క ఒంట్లో రెండు దారులున్నాయి. వేళ్ల నుంచి ఆకులకు నీటినీ, అందులో కరిగిన ఖనిజ లవణాలనూ మోసేది దారువు. ఆకుల్లో తయారైన చక్కెరను అవసరమున్న చోటికల్లా చేర్చేది పోషక కణజాలం. బడిలో జైలం, ఫ్లోయం అని చదువుకున్నవి ఇవే. రెండూ పక్కపక్కనే ఉంటాయి, పనిచేసే తీరు మాత్రం పూర్తిగా వేరు. ఒకటి మూసుకుపోతే కనిపించే లక్షణాలు ఒకరకం, రెండోది తెగితే కనిపించేవి ఇంకోరకం. మొక్కల మీద పెట్టే డబ్బూ శ్రమా చాలావరకు వృథా అయ్యేది, ఏ దారిలో అడ్డంకి వచ్చిందో చూడకుండా నీళ్లో ఎరువో గుమ్మరించడం వల్లే.

ముందు నీటి సంగతి.

ఆకులు ఎంత నీరు వదులుతాయో తూచి చూసినవాడు స్టీఫెన్ హేల్స్, లండన్ దగ్గరి టెడింగ్టన్‌లో చర్చి పాద్రీ. 1724 వేసవిలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీతో సహా పొద్దునా సాయంత్రం త్రాసులో పెట్టి బరువు రాసుకున్నాడు. మట్టిలోంచి ఆవిరయ్యే నీరు లెక్కలో కలవకుండా కుండీ మూతిని పల్చటి సీసపు రేకుతో కప్పేశాడు. పగటి పన్నెండు గంటల్లో ఆ మొక్క సగటున 1 పౌను 4 ఔన్సులు, అంటే దాదాపు 570 గ్రాములు కోల్పోయేది. శరీర పరిమాణంతో పోల్చి లెక్కవేస్తే మనిషి చెమట కంటే ఇది 17 రెట్లు ఎక్కువని 1727లో అచ్చయిన తన ‘వెజిటబుల్ స్టాటిక్స్’లో రాశాడు. వంటింటి తూకం యంత్రం ఉన్నవాళ్లెవరైనా ఇదే పని ఇంట్లో చేసి చూడొచ్చు. చిన్న కుండీని పాలిథిన్ సంచిలో దించి, కాండం చుట్టూ మూతి బిగించి కట్టి, పొద్దునా సాయంత్రం తూచితే చాలు. తన మొక్క రోజుకు ఎంత తాగుతుందో ఏ పుస్తకమూ చెప్పనంత కచ్చితంగా తెలిసిపోతుంది. నీడలో ఒకరోజు, ఎండలో ఒకరోజు, ఫ్యాను గాలిలో ఒకరోజు పెట్టి చూస్తే ఇంకా బాగుంటుంది. గాలి కూడా నీటి ఖర్చును మార్చగలదని అప్పుడు అర్థమవుతుంది.

వేళ్లు పీల్చిన నీటిలో నూటికి 97 పాళ్ల పైన ఇలా ఆకుల అడుగునున్న పత్రరంధ్రాల గుండా ఆవిరైపోయేదే. మొక్క తన ఒంట్లో నిలుపుకునేదీ, ఆహారం తయారీకి వాడుకునేదీ మిగిలిన ఆ కాస్తే. ఇంత దుబారా ఎందుకంటే, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే ఆ రంధ్రాలు తెరిచి ఉంచక తప్పదు. తెరిస్తే నీరు పోతుంది. కలబంద, రణపాల, బ్రహ్మజెముడు లాంటివి ఈ చిక్కును వేరేగా విప్పుకున్నాయి. అవి రంధ్రాలను రాత్రి చల్లటి వేళ తెరుస్తాయి. టమాటాకు పోసినట్టు రోజూ నీళ్లు పోస్తే అవి కుళ్లిపోవడానికి కారణం ఇదే.

ఇలా పోయే నీరు చెట్టు చిటారు కొమ్మ దాకా ఎలా ఎక్కుతుందన్నది రెండు వందల ఏళ్లు శాస్త్రవేత్తల బుర్రలు తిన్న ప్రశ్న. పైనుంచి పీల్చే ఏ పంపైనా నీటిని సుమారు 10 మీటర్లకు మించి లేపలేదు. బావిలో నీళ్లు లోతుకు పోతే ఒడ్డునున్న మోటారును గట్టు దించి లోపల పెట్టుకున్న రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి కాలిఫోర్నియాలో 2006లో కనిపెట్టిన హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు ఎత్తు 115 మీటర్ల పైమాటే. అక్కడి కొన ఆకుకు నీరు అందిస్తున్నదెవరు?

కాండంలోని సజీవ కణాలే నీటిని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ పైకి నెడతాయని కొందరనుకున్నారు. జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ 1890ల మొదట్లో దీన్ని మొరటుగానే పరీక్షించాడు. ఇరవై మీటర్లు దాటిన చెట్లను మొదలంటా కోసి, కోసిన మొదళ్లను విషద్రావణాల్లో నిలబెట్టాడు. విషం దారి పొడుగునా సజీవ కణాలను చంపుకుంటూ పైకెక్కింది. కణాలు చచ్చాక కూడా ద్రవం ఎక్కుతూనే ఉంది. అంటే దారిలో ప్రాణం లేకపోయినా ప్రయాణం ఆగదన్నమాట. నిజానికి నీళ్లు మోసే దారునాళాలు పూర్తిగా తయారయ్యేసరికి చనిపోయి, లోపల ఖాళీ అయిపోయిన కణాలే. కొద్ది ఏళ్లకే, 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ ఈ రోజుకీ నిలిచిన వివరణ ఇచ్చారు. ఆకులో నీరు ఆవిరైనప్పుడు పుట్టే లాగుడు కింది నీటి మీద పడుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి వేరు నుంచి ఆకు దాకా ఉన్న సన్నటి నీటి ధార తెగకుండా మొత్తంగా పైకి లాగబడుతుంది. శక్తి అంతా సూర్యుడిదే, మొక్కకు దమ్మిడీ ఖర్చు లేదు.

మన జగదీశ్ చంద్రబోస్ దీన్ని ఒప్పుకోలేదు. సజీవ కణాల స్పందనే రసాన్ని పైకి నెడుతోందని వాదిస్తూ 1923లో ఒక పుస్తకమే రాశారు. మొక్కల స్పందనల గురించి ఆయన చేసిన పని గొప్పదే, కానీ ఈ ఒక్క విషయంలో గెలిచింది డిక్సన్, జోలీల లెక్కే.

ఈ చరిత్ర అంతా తోటపనికి ఎందుకంటే, లాగుడు మీద నడిచే దారికి ఒక బలహీనత ఉంది. మధ్యలో గాలి బుడగ చేరితే ధార తెగుతుంది. ఆ నాళం అప్పటికి పనికిరానట్టే. బజారు నుంచి తెచ్చిన గులాబీ కాడను కూజాలో పెట్టిన మర్నాటికే తల వాల్చడానికి ఒక కారణం ఇదే. కోసిన చోట నాళాలు గాలిని పీల్చేస్తాయి. కాడను నీళ్లలో ముంచి ఉంచి, ఆ నీళ్లలోనే చివర ఒక అంగుళం ఏటవాలుగా కోసి, వెంటనే కూజాలోకి మారిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. నీటిలో ఉండే ఆకులు తీసేయాలి, లేకపోతే అవి కుళ్లి బాక్టీరియా పెరిగి నాళాల మూతులు మూసుకుపోతాయి. పిల్లలకు దారువును చూపించాలంటే తెల్ల చామంతి కాడను ఎర్రసిరా కలిపిన నీళ్లలో పెడితే సరి. కొన్ని గంటల్లో రేకుల మీద ఎర్రటి ఈనెలు తేలతాయి.

నారు నాటేటప్పుడు ఇదే బలహీనత ఇంకా పెద్దగా బయటపడుతుంది. నీటిని పీల్చేది లావుపాటి వేళ్లు కాదు, లేత వేరు కొసల దగ్గర నూగులా ఉండే మూలకేశాలు. ఒక్కోటి ఒకే కణం. వాటి ఆయుష్షే కొద్ది రోజులు. నారును పొడి మట్టిలోంచి లాగితే అవి సగానికి పైగా మట్టిలోనే ఉండిపోతాయి. పైన ఆకులు మాత్రం అన్నీ ఉన్నాయి, ఆవిరి ఆగదు. రాబడి పడిపోయి ఖర్చు అలాగే ఉంటే ఏ ఇల్లు నిలుస్తుంది? అందుకే నారు పీకే ముందు మడిని తడపడం, మట్టిముద్దతో సహా తీయడం, సాయంత్రం పూట నాటడం, పెద్ద మొక్కైతే ఆకులు కొన్ని తుంచేయడం, రెండు మూడు రోజులు షేడ్‌నెట్ కిందో తాటాకు నీడనో ఉంచడం. పాత రైతులు ఆచారంగా చేసినవన్నీ ఆకు ఖర్చును తగ్గించి వేరుకు గడువిచ్చే ఉపాయాలే. నాటిన రోజే ఎరువు వేయడం మాత్రం ఈ జాబితాలో లేదు. కొత్తగా మొక్కలు పెంచేవాళ్లు ఉత్సాహం కొద్దీ సరిగ్గా అదే చేస్తారు.

తెల్లవారాక కూడా వాడి ఉన్న మొక్క దగ్గరికి తిరిగొద్దాం. వేలిని రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూడాలి. మట్టి పొడిగా ఉంటే దాహమే, నీళ్లు పోయాలి. కోకోపీట్ ఎక్కువగా ఉన్న గ్రోబ్యాగు ఒకసారి బాగా ఎండితే నీటిని పీల్చుకోదు, పక్కల నుంచి జారిపోతుంది. అప్పుడు కుండీని అరగంట నీళ్ల తొట్టెలో కూర్చోబెట్టాలి.

మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే? ఇక్కడే మగ్గు ప్రాణాలు తీస్తుంది. వేరు కణాలు ఊపిరి పీల్చుకోవాలి, వాటికి ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ రోజుల తరబడి నీళ్లతో నిండిపోతే వేరుకు గాలి ఆడదు, దాని పైపొరల గుండా నీరు లోపలికి రావడం తగ్గిపోతుంది. చుట్టూ నీళ్లున్నా పైన ఆకు ఎండుతుంది. అది చూసి ఇంకో రెండు మగ్గులు పోస్తే వేళ్లు నల్లబడి కుళ్లువాసన వేస్తాయి. కుండీ కింద పళ్లెంలో నీరు నిలవకుండా తీసేయడం, అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడటం, వారం పాటు నీళ్లు ఆపి నీడలో ఉంచడం ఇక్కడి వైద్యం.

ఇంకో రకం వడలిక ఎరువు వల్ల వస్తుంది. వేరులోకి నీరు రావడం ద్రవాభిసరణ పద్ధతిలో. లవణాలు తక్కువున్న చోటు నుంచి ఎక్కువున్న చోటికి నీరు నడుస్తుంది. మామూలుగా వేరులోనే లవణాల గాఢత ఎక్కువ. చిన్న కుండీలో గుప్పెడు డి.ఏ.పి. వేస్తే లెక్క తిరగబడి వేరులోని నీరే మట్టిలోకి పోతుంది. ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగితే దీన్ని అనుమానించాలి. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ధారాళంగా నీళ్లు పోసి, అడుగు నుంచి కారనిచ్చి ఉప్పును కడిగేయాలి.

వంగ, టమాటా, మిరప పచ్చగా ఉండగానే, ఆకులు పసుపెక్కకుండానే ఉన్నట్టుండి మొక్క మొత్తం వడలిపోయి రెండు మూడు రోజుల్లో చస్తే అది బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. ఆ సూక్ష్మజీవి దారునాళాల్లో చేరి, జిగురు పేర్చి దారి మూసేస్తుంది. తేల్చుకోవడం సులువు. మొదలు దగ్గర కాండం ముక్క కోసి, గాజు గ్లాసులోని తేట నీళ్లలో కోసిన చివర మునిగేలా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లటి దారాలు కిందికి జారితే అదే. అలాంటి మొక్కకు నీళ్లు పోసినా, జీవామృతం పోసినా లాభం లేదు. పీకి తగలబెట్టి, ఆ మట్టిలో ఆ కుటుంబం పంటలేవీ కొన్నాళ్లు వేయకుండా ఉండటమే మార్గం. అరటిలో పనామా తెగులు, కందిలో ఎండు తెగులు కూడా ఈ దారినే పట్టుకుంటాయి, అక్కడ పని చేసేది శిలీంధ్రం.

భయపడాల్సిన పని లేని లక్షణం కూడా ఒకటుంది. చల్లటి ఉదయాల్లో చేమ, టమాటా, గడ్డి ఆకుల అంచుల్లో ముత్యాల్లా నీటిబొట్లు నిలుస్తాయి. అవి మంచుబిందువులని అనుకుంటారు. రాత్రి పత్రరంధ్రాలు మూసుకున్నాక వేళ్లలో పేరుకున్న ఒత్తిడి నీటిని అంచుల్లోని సన్నటి ద్వారాల గుండా బయటికి నెట్టడం వల్ల వచ్చినవవి. వేళ్లు ఆరోగ్యంగా ఉన్నాయనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఖనిజాల కథ ఇంకొంచెం తిరకాసుది. మట్టిలో కరిగిన ప్రతిదీ వేరులోకి చొరబడలేదు. వేరు లోపల ఒక పొర కణాల గోడలకు మైనం లాంటి పదార్థంతో పట్టీ ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాస్పరీ పేరుతో దాన్ని కాస్పేరియన్ పట్టీ అంటారు. గోడల సందుల్లోంచి జారుకుంటూ వచ్చిన నీరు అక్కడ ఆగి, సజీవ కణం పొర గుండా మాత్రమే లోపలికి పోవాలి. ఏ లవణాన్ని రానివ్వాలో ఆ పొర ఎంచుతుంది. అందుకు శక్తి ఖర్చవుతుంది. చలికి, ముంపుకు వేళ్లు మందగించినప్పుడు మట్టిలో ఎరువు ఉన్నా మొక్క ఆకలితో ఉండటం అందుకే.

లోపలికొచ్చిన పోషకాలన్నీ ఒకేలా కదలవు. ఆకును చూసి లోపం చెప్పగలిగే రహస్యమంతా ఇక్కడే ఉంది. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం ఒకసారి ఆకులోకి చేరాక కూడా అవసరమైతే పోషక కణజాలం ద్వారా మళ్లీ బయలుదేరగలవు. కొరత వచ్చినప్పుడు మొక్క ముసలి ఆకుల్లోంచి వాటిని తీసి చిగుళ్లకు పంపుతుంది. అందుకే వీటి లోపం కింది ఆకుల్లో మొదలవుతుంది. కాల్షియం, బోరాన్, ఇనుము అలా కాదు. ఎక్కిన చోటే ఉండిపోతాయి లేదా చాలా కొద్దిగా కదులుతాయి. కొత్త ఆకుకు కొత్త సరఫరానే కావాలి. కాబట్టి వాటి లోపం పైన, చిగుళ్లలో కనిపిస్తుంది. కింద పసుపా, పైన పసుపా అని ఒక్కసారి చూస్తే సగం వైద్యం అయినట్టే. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ లేతాకులు పసుపెక్కి చివరికి తెల్లబడుతుంటే యూరియా చల్లి ప్రయోజనం లేదు. అది ఇనుము లోపం. ఇనుము నేలలో లేక కాదు, ఆ నేలలో కరగక. నేలలో వేస్తే మళ్లీ బిగుసుకుపోతుంది కాబట్టి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి నేరుగా ఆకుల మీద పిచికారీ చేయమని వ్యవసాయ అధికారులు చెప్తారు.

కాల్షియం మొండితనం టమాటా పెంచేవాళ్లందరికీ పరిచయమే. కాయ అడుగున నల్లటి, పొడిగా ఆరిన మచ్చ పడుతుంది. తెగులు మందులు కొడతారు. మట్టి మీద కోడిగుడ్డు పెంకులు చల్లుతారు. పెంకులు అంత త్వరగా కరిగేవి కావు, కాయకు చేరేలోపు ఆ కాపే అయిపోతుంది. అసలు సంగతి వేరు. కాల్షియం ప్రయాణించేది దారువులోనే, అంటే నీరు ఎటు లాగబడితే అటు. ఆకు బాగా ఆవిరి వదులుతుంది, కాయ వదలదు. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే సరఫరా తెగినప్పుడల్లా ముందు నష్టపోయేది కాయ అడుగే. నీళ్లు ఒక పద్ధతిగా, కొద్దికొద్దిగా రోజూ ఒకే వేళకు పోయడం, మట్టి మీద ఎండుటాకులు పరచడం ఇక్కడ ఏ మందుకన్నా ఎక్కువ పని చేస్తాయి.

దీనికి పరాకాష్ఠ వేరుశనగ. పూత అయ్యాక ఊడ నేలలోకి దిగి కాయ మట్టి లోపల ఊరుతుంది. భూమి లోపల ఉన్న కాయకు ఆవిరి వదిలే పనే లేదు, కాబట్టి దారువు దానికి కాల్షియం తెచ్చిపెట్టదు. పోషక కణజాలం ఎలాగూ మోయదు. చివరికి ఆ కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోంచి తానే కాల్షియాన్ని పీల్చుకుంటుంది. మొక్క వేళ్లకు ఎంత అందినా ఉపయోగం లేదు. కాయ ఊరే పై రెండు మూడు అంగుళాల మట్టిలో ఉండాలి. అనంతపురం, కర్నూలు వైపు ఊడలు దిగే సమయానికి ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమనేది ఇందుకే. ఆ పని తప్పితే కాయలు లొట్టపోతాయి. పైన చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది, చూసి మోసపోవడానికి వీలుగా.

ఇక రెండో దారి, ఆహారానిది. పదిహేడో శతాబ్దంలో ఇటలీలో మార్చెల్లో మాల్పీగీ కొమ్మ చుట్టూ బెరడును ఉంగరంలా ఒలిచి చూశాడు. ఆకులు వాడలేదు, ఎందుకంటే దారువు లోపల భద్రంగా ఉంది. కానీ కొన్నాళ్లకు ఒలిచిన చోటికి పైభాగం ఉబ్బింది. కిందికి పోవాల్సినదేదో అక్కడ ఆగిపోయింది. గాలి అంటు కట్టేవాళ్లు ఇప్పటికీ చేసేది మాల్పీగీ ప్రయోగమే. దానిమ్మ, నిమ్మ, జామల్లో పెన్సిలంత లావు కొమ్మ మీద అంగుళం వెడల్పున బెరడు తీసి, కింద జిగురుగా తగిలే పొరను కూడా గీకేసి, తడిపిన నాచు పెట్టి పాలిథిన్ కాగితంతో బిగిస్తారు. ఆకుల్లో తయారైన చక్కెర, వేళ్లు పుట్టించే హార్మోను కిందికి పోలేక అంచు దగ్గర చేరతాయి. వానాకాలంలో నెలా రెండు నెలల్లో వేళ్లు వస్తాయి. ఆ పొరను గీకకుండా వదిలేస్తే బెరడు మళ్లీ అతుక్కుని, దారి తెరుచుకుని, అంటు విఫలమవుతుంది.

చక్కెర దారి లాగుడు మీద కాదు, నెట్టుడు మీద నడుస్తుంది. పోషక కణజాలంలో చక్కెరను మోసే గొట్టాలైన చాలనీనాళాల్లోకి ఆకు చక్కెరను శక్తి ఖర్చుపెట్టి నింపుతుంది. చక్కెర వెంట నీరు చేరి ఒత్తిడి పెరుగుతుంది. వాడుకునే చోట, అంటే వేరులోనో, కాయలోనో, చిగురులోనో చక్కెర దిగిపోగానే ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ నుంచి తక్కువకు ప్రవాహం. జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మ్యూంఖ్ 1930లో పుస్తకంగా వేసిన సిద్ధాంతమిది. వేగం గంటకు ఒక మీటరు అటూ ఇటూ. ఈ ఒత్తిడిని అందరికంటే ముందు కనిపెట్టింది చిక్కుడు తీగ మీది పేనుబంక. దాని సన్నటి సూది నేరుగా ఒక్క చాలనీనాళంలో దిగుతుంది. 1953లో కెనెడీ, మిట్లర్ అనే ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు పీలుస్తున్న పేనును తీసేసి సూదిని మాత్రం మొక్కలో ఉంచితే రసం దానంతటదే కారుతూనే ఉంది. పేను పీల్చనక్కర్లేదు, మొక్కే పోస్తోంది. దానికి అంత చక్కెర అక్కర్లేదు, మిగులును వదిలేస్తుంది. ఆకుల మీది జిగురు, దాని కోసం వచ్చే చీమలు, తర్వాత పట్టే నల్లటి మసి, అన్నీ ఆ మిగులు వల్లే. పేనుబంకను సబ్బునీళ్లతో కడగకుండా మసిని మాత్రం తుడిస్తే వారంలో మళ్లీ వస్తుంది.

తాటి కల్లు కూడా ఈ దారిలోంచే వస్తుంది. మోకు, ముస్తాదుతో ఎక్కిన గీత కార్మికుడు పూగెల కొసను కత్తితో సన్నగా చెక్కి లొట్టి కడతాడు. గెల కోసం ఆకులు పంపుతున్న చక్కెర రసం, నూటికి పది పాళ్లకు పైగా చక్కెరతో, బొట్లుబొట్లుగా దిగుతుంది. తెగిన చాలనీనాళాలను మొక్క కొద్ది గంటల్లో మూసేసుకుంటుంది కాబట్టి రోజుకు రెండుసార్లు కొత్తగా గీయాలి. ఆ పనిలోని నైపుణ్యమంతా ఆ పల్చటి గీతలోనే ఉంది. లోతుగా గీస్తే గెల త్వరగా అయిపోతుంది, పైపైన గీస్తే చుక్క రాదు.

పెరటి మొక్కకు దీని పాఠం ఒకటే. చక్కెర ఎవరు ఎక్కువ లాగితే వాళ్ల దగ్గరికి పోతుంది. చిన్న కుండీలోని జామకు ఇరవై పిందెలుంటే అన్నీ గోళీలే అవుతాయి, అయిదారు ఉంచి మిగతావి తుంచాలి. అరటి దగ్గర ఒక్క పిలకను ఉంచి మిగతావి నరికేస్తారు. కరివేపాకు పూతను ఎప్పటికప్పుడు గిల్లేస్తే ఆ తిండి చిగుళ్లకు మళ్లుతుంది. కాయలకు ఎండ తగలాలని దగ్గరి ఆకులన్నీ దూసేయడం మాత్రం శుద్ధ తప్పు, వాటికి తిండి పెట్టేది ముఖ్యంగా ఆ పక్క ఆకులే.

పెద్ద చెట్ల దగ్గరికొస్తే ఈ జ్ఞానం లేకపోవడం ఖరీదైన విషయం. వీధిలో వేపకు బ్యానరు కట్టిన ఇనుప తీగను ఎవరూ విప్పరు. మాను లావెక్కే కొద్దీ అది బెరడులోకి దిగి పోషక కణజాలాన్ని నొక్కేస్తుంది. చుట్టూ పూర్తి ఉంగరంగా బెరడు పోతే వేళ్లకు తిండి ఆగిపోతుంది. అయినా చెట్టు వెంటనే చావదు. వేళ్లలో నిలవున్న పిండిపదార్థంతో ఒకటి రెండు కాలాలు పచ్చగానే నెట్టుకొచ్చి తర్వాత పైనుంచి ఎండుతుంది. అడ్డొచ్చిన చెట్టును గుట్టుగా చంపాలనుకునేవాళ్లకు ఈ సంగతి బాగానే తెలుసు. తెలియాల్సినవాళ్లకే తెలియదు. దీనికి భిన్నంగా, లోపల డొల్లబడిన ముసలి చింతను చూసి ఇక అయిపోయిందనుకోవద్దు. నడిమి చేవ నీళ్లు మోయడం ఎప్పుడో మానేసింది. బయటి వలయాలూ బెరడూ బాగుంటే అది ఇంకా ఎన్నో ఏళ్లు కాస్తుంది. కొబ్బరి, తాడి లెక్క మళ్లీ వేరు. వాటిలో రెండు రకాల నాళాలూ కట్టలు కట్టలుగా మాను అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. ఎక్కడానికి మెట్లు నరికినా చావకపోవడం అందుకే. ఆ గాయం మాత్రం ఎప్పటికీ పూడదు, కొమ్ముపురుగుకు, ఎర్రముక్కు పురుగుకు ద్వారం అవుతుంది.

నీటి దారిలోంచే మందు పంపడం కొబ్బరి రైతులకు కొత్త కాదు. నల్లి ఉధృతమైతే పెన్సిలంత లేత వేరును ఏటవాలుగా కోసి, వేప మందు 10 మిల్లీలీటర్లు, నీళ్లు 10 మిల్లీలీటర్లు కలిపిన చిన్న పాలిథిన్ సంచిలో ఆ కొసను ముంచి కడతారు. ఆకుల లాగుడే దాన్ని పైకి తీసుకుపోతుంది. ఎండ బాగా ఉన్నరోజు త్వరగా ఖాళీ అవుతుంది, మబ్బు రోజు అలాగే ఉండిపోతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో అటవీశాఖ చేసింది కూడా ఇలాంటిదే. మానుకు రంధ్రాలు చేసి మందు ఎక్కిస్తే బయటికి కారిపోవడంతో, సెలైన్ సీసాలు వందల సంఖ్యలో వేలాడదీసి పల్చన చేసిన క్లోరిపైరిఫాస్‌ను చుక్కచుక్కగా వదిలారు. మర్రికి ఇంకో ధైర్యం ఉంది. ఊడ నేలను తాకి పాతుకుందంటే అది కొమ్మకు సొంత నీటి దారి. హౌరాలోని బొటానికల్ గార్డెన్ మహావటానికి మూలమాను బూజుపట్టి 1925లో తీసేసినా చెట్టు బతికే ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానులో ఎండిన కొమ్మల కంటే, పశువులు తొక్కకుండా కాపాడాల్సిన లేత ఊడల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

చివరిగా, బెరడు ఉంగరంలా పోయిన చెట్టును దక్కించుకునే పద్ధతి ఒకటి. ఎలుకలు కొరికినా, గడ్డి కోసే యంత్రం తగిలినా, తీగ కోసుకుపోయినా పనికొస్తుంది. గాయం అంచులను ఆరోగ్యమైన బెరడు దాకా శుభ్రంగా కోయాలి. అదే చెట్టు నుంచి పెన్సిలంత లావు రెమ్మలు తీసుకుని, రెండు చివరలనూ చీలికలా చెక్కాలి. ఒక చివర గాయానికి కింద, రెండో చివర పైన, బెరడు కిందికి దూర్చి సన్నమేకుతో బిగించి, మైనం పూయాలి. రెమ్మ మధ్యలో కొంచెం విల్లులా వంగి ఉండాలి, గాలికి మాను ఊగినా ఊడిపోదు. రెండేసి అంగుళాలకు ఒకటి చొప్పున చుట్టూ కట్టాలి. బెరడు సులువుగా ఊడివచ్చే చిగుళ్ల కాలంలోనే ఇది కుదురుతుంది. రెమ్మ కొస పైకి, మొదలు కిందికి ఉండాలి. తలకిందులుగా పెడితే అతుక్కున్నట్టే కనిపించినా సరిగ్గా ఎదగదు. రెమ్మల మీద వచ్చే మొగ్గలను గిల్లేస్తూ ఉండాలి, మైనం పగిలిందేమో ప్రతి వానకూ చూసుకోవాలి.